డార్క్ ఫీనిక్స్: ఒకే కథ రెండుసార్లు చేతికొచ్చి రెండుసార్లూ ఎందుకు చేజారింది?

నీలిసిరా:

ఎక్స్‌మెన్ కామిక్స్ చదివినవారికి జీన్ గ్రే కథను పరిచయం చేయనక్కరలేదు గాని, సినిమాలు మాత్రమే చూసినవారి కోసం నాలుగు మాటలు చెప్పి అసలు విషయంలోకి వస్తాను. పుట్టుకతోనే అసాధారణ శక్తులున్న ‘మ్యూటెంట్ల’ జట్టు ఎక్స్‌మెన్; మనసుతోనే వస్తువులను కదిలించగల, ఇతరుల మనసులు చదవగల జీన్ అందులో ఒకరు. ఫీనిక్స్ అనే విశ్వశక్తి తోడై, అదుపు తప్పి, ఆమె డార్క్ ఫీనిక్స్‌గా మారడమే ఈ కథ. క్రిస్ క్లేర్‌మాంట్ రచనతో, జాన్ బర్న్ బొమ్మలతో, టెరీ ఆస్టిన్ సిరా గీతలతో 1980 జనవరి నుంచి అక్టోబరు దాకా, అంటే 129వ సంచిక మొదలు 138వ సంచిక వరకు నడిచిన ఈ కథను హాలీవుడ్ రెండుసార్లు తెరకెక్కించింది. 2006లో బ్రెట్ రాట్నర్ దర్శకత్వంలో వచ్చిన మూడో ఎక్స్‌మెన్ చిత్రం ‘ది లాస్ట్ స్టాండ్’ ఒకటి, 2019లో వచ్చిన ‘డార్క్ ఫీనిక్స్’ మరొకటి. రెండింటి రచనలోనూ సైమన్ కిన్‌బర్గ్ ఉన్నారు. రెండోదానికి దర్శకుడు కూడా ఆయనే, ఆయన తొలిసారి దర్శకత్వం వహించిన సినిమా అదే. ఒకసారి చెడగొట్టిన కథను పదమూడేళ్ళ తరువాత మళ్ళీ చేతిలో పెట్టి, ఈసారి సరిగా చెప్పమనడం ఏ రచయితకైనా దొరకని అదృష్టం. అది దొరికి కూడా ఫలితం అలా ఎందుకు వచ్చిందన్నదే నా ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గ్రాఫిక్స్ బాగాలేవనో, దుస్తులు కామిక్‌లో ఉన్నట్టు లేవనో నేను అలగడం లేదు. కామిక్‌లో జీన్ ఒక నేరం చేస్తుంది. 135వ సంచికలో ఆమె అంతరిక్షంలోకి ఎగిరిపోయి, ఆకలితో ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది; ఆ నక్షత్రం చుట్టూ తిరుగుతున్న డీబారి గ్రహం మీద ఉన్న ఐదు వందల కోట్ల ప్రాణాలు దానితోపాటు పోతాయి. ఆ తరువాత కథంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇంత చేసిన మనిషి మనకు ఆప్తురాలైతే ఏం చేయాలి? రెండు సినిమాలూ ఆ ప్రశ్ననే తీసి పక్కన పెట్టాయి. అది పోయాక మిగిలినది కోపం వచ్చినపుడు వస్తువులు గాలిలోకి లేపే ఒక అమ్మాయి కథ మాత్రమే.

రెండోఆట:

నీలిసిరా గారూ, మీ బాధ అర్థమైంది గాని, పది సంచికల కథను 114 నిమిషాల సినిమాతో తూచడం న్యాయమేనా? క్లేర్‌మాంట్‌కు జీన్‌ను పాఠకులకు దగ్గర చేయడానికి ఏళ్ళ తరబడి నెలనెలా అవకాశం దొరికింది. కిన్‌బర్గ్‌కు దొరికినది రెండు గంటలకన్నా తక్కువ, పైగా ఆ రెండు గంటలలో జట్టుకు పాత ప్రత్యర్థి మాగ్నెటోకు, జట్టును నడిపే ప్రొఫెసర్ జేవియర్‌కు, జట్టు సభ్యురాలు రేవెన్‌కు, ఇంకా అరడజను మందికి వాటా ఇవ్వాలి.

ఆ పరిమితిలో చూస్తే 2019 సినిమాలో నాకు నచ్చినవి ఉన్నాయి. చనిపోయాడనుకున్న తండ్రి బతికే ఉన్నాడని తెలిసి జీన్ ఆ ఇంటికి వెళ్ళే సన్నివేశంలో, తండ్రి తనను కావాలనే వదులుకున్నాడని ఆమె అతని మనసులోంచే తెలుసుకునే చోట, సోఫీ టర్నర్ బాగా నటించింది. చిన్న పిల్ల మనసులో గోడలు కట్టి, అదే ఆమెకు మేలని నమ్మిన జేవియర్ అహంకారాన్ని జేమ్స్ మెకవాయ్ దాపరికం లేకుండా చూపించారు. చివరి రైలు పోరాటం ఆ సిరీస్‌లోని మంచి పోరాటాలలో ఒకటని ఇప్పటికీ అంటాను. హాన్స్ జిమ్మర్ సంగీతం సంగతి సరేసరి. బాగాలేదని అందరూ అన్నారు కాబట్టి మనమూ అనాలని లేదు కదా.

పాతపుస్తకాలబండి:

నిడివి గురించి రెండోఆట గారు చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఒప్పుకోలేకపోవడానికి కారణం ఒక చిన్న సన్నివేశం.

132వ సంచికలో జీన్, ఆమె ప్రేమికుడైన జట్టు సభ్యుడు స్కాట్ న్యూ మెక్సికోలో ఒక ఎత్తైన రాతి గుట్ట మీద ఒంటరిగా ఉంటారు. స్కాట్ కళ్ళలోంచి ఎప్పుడూ విధ్వంసకరమైన కిరణాలు వెలువడుతూనే ఉంటాయి కాబట్టి ఎర్ర అద్దం లేకుండా అతను ఎవరినీ చూడలేడు, ప్రేమించిన అమ్మాయిని కూడా. జీన్ చేయి చాచి ఆ అద్దాన్ని తీసేస్తుంది. అతను భయంతో వద్దంటాడు. కిరణాలు రావు, ఎందుకంటే వాటిని తన మనోబలంతో ఆమె ఆపి ఉంచింది. మామూలు మనిషి కళ్ళతో అతను ఆమెను చూస్తాడు. ఆ గడులలో బర్న్ ప్రత్యేకంగా చేసినదేమీ లేదు: రెండు ముఖాలు, వెనుక ఎడారి. ఆ ప్రేమను నమ్మించేది ఆ పేజీయే, అదే పేజీ మనలను భయపెడుతుంది కూడా. ఎవరూ ఆపలేని శక్తిని ఆమె ఎంత సులువుగా, ఎంత ముద్దుగా ఆపేసిందో చూసినపుడు, ఈ అమ్మాయి చేతిలో ఇంకా ఎంత ఉందన్న అనుమానం మొదలవుతుంది.

దీనికి సినిమాలో ఎంత సమయం పడుతుంది? రెండు నిమిషాలు చాలు. ఖర్చు దాదాపు శూన్యం. కాబట్టి కొరత నిమిషాలది కాదు. 2006 సినిమాలో ఈ సన్నివేశం నీడ ఒకటి ఉంది: సరస్సు ఒడ్డున జీన్ స్కాట్ అద్దం తీయించి అతని కిరణాలను ఆపుతుంది. అయితే మరుక్షణమే అతనిని కథలోంచి తీసేశారు, చావును తెర మీద చూపించకుండానే. కామిక్‌లో కథకు వెన్నెముకగా నిలిచిన ప్రేమికుడు సినిమా మొదటి భాగంలోనే మాయమై, అతని స్థానంలోకి జట్టులోని మరొక వీరుడు వుల్వరీన్ వచ్చి కూర్చున్నాడు.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాలలో అప్పుడప్పుడూ ఈ కథ సంపుటం కనిపిస్తుంది. అట్ట చిరిగినా సరే, దొరికితే వదలవద్దు.

కత్తెరబల్ల:

సినిమా ఎడిటింగ్ పని చేసేవాడిగా నాకు 2019 చిత్రం ఎక్కడ విరిగిందో కొంత కనిపిస్తుంది కాబట్టి ఆ కోణం చెబుతాను.

మొదట దీనిని రెండు సినిమాలుగా ఊహించుకుని, చిత్రీకరణకు ముందే ఒకటిగా కుదించవలసి వచ్చిందని కిన్‌బర్గ్ స్వయంగా చెప్పారు. తరువాత విడుదల 2018 నవంబరు నుంచి 2019 ఫిబ్రవరికి, అక్కడి నుంచి జూన్‌కు జరిగింది. మధ్యలో చివరి భాగాన్ని తిరిగి చిత్రీకరించారు. అంతరిక్షంలో జరగవలసిన ముగింపు వేరొక సూపర్‌హీరో సినిమాతో పోలిక వస్తోందని మార్చేశారని నటులే తరువాత బయటపెట్టారు. రెండోఆట గారికి నచ్చిన రైలు పోరాటం అలా వచ్చినదే. అదే సమయంలో 2019 మార్చిలో ఫాక్స్ స్టూడియో డిస్నీ చేతికి వెళ్ళిపోయింది. ఇక ఈ సిరీస్‌కు భవిష్యత్తు లేదని అందరికీ తెలిసిపోయిన తరువాత, జూన్‌లో విడుదలైన ఈ సినిమాను సొంత బిడ్డగా చూసుకునేవారు ఎవరు?

ఈ అతుకులు తెర మీద తెలుస్తాయి. మొదటి గంటలో ఒక కుటుంబం లోపలి నుంచి విచ్చిపోవడం కనిపిస్తుంది, నెమ్మదిగా, ఓపికగా. జీన్ చేతిలో చనిపోయిన రేవెన్ అంత్యక్రియల తరువాత ఆ ఓపిక అయిపోతుంది. మాగ్నెటో పగ పట్టి న్యూయార్క్ వస్తాడు, వీధిలో కొట్లాట, అందరూ పట్టుబడతారు, రైలు ఎక్కుతారు. పాత్రలు ఒకరినొకరు చంపుకోవడానికి వచ్చి, ఇరవై నిమిషాలలో ఒకే జట్టుగా మారడానికి తగిన కారణం ఏ షాటులోనూ లేదు. గ్రహాంతరవాసులు దాడి చేశారు కాబట్టి కలిశారు, అంతే.

పోరాటం బాగుందా అంటే బాగుంది. ఇరుకైన పెట్టెలలో ఒక్కొక్కరి శక్తినీ విడివిడిగా వాడుకున్న తీరు చక్కగా ఉంది. ఆ పోరాటం ఎవరి కథకు ముగింపో మాత్రం అర్థం కాదు, ఎందుకంటే అందులో చాలాసేపు జీన్ స్పృహలోనే లేదు.

నీలిసిరా:

కత్తెరబల్ల గారు చెప్పిన నిర్మాణ కష్టాలు నిజమే. 2006 సినిమాకూ అలాంటి కష్టాలే ఉన్నాయి: మొదటి రెండు సినిమాల దర్శకుడు బ్రయన్ సింగర్ వేరే సినిమాకు వెళ్ళిపోయారు, మాథ్యూ వాన్ వచ్చి తప్పుకున్నారు, చివరికి రాట్నర్ చేతికి వచ్చింది. అక్కడ జీన్ కథను మరొక కామిక్ కథతో, అంటే 2004లో జాస్ వీడన్ రాసిన, మ్యూటెంట్ల శక్తులను తీసివేసే మందు గురించిన కథతో కలిపి 104 నిమిషాలలో కుక్కారు. ఫలితంగా విశ్వంలోనే అతి శక్తిమంతురాలైన స్త్రీ, మాగ్నెటో పక్కన చాలాసేపు మాటామంతీ లేకుండా నిలబడి ఉంటుంది. ఫామ్కే యాన్సెన్ వంటి నటికి అంతకన్నా అవమానం ఉండదు.

నన్ను నిజంగా కలవరపెట్టే విషయం మాత్రం నిర్మాణ కష్టాలలోంచి పుట్టినది కాదు, కాగితం మీద తీసుకున్న నిర్ణయం. 2019 సినిమాలో డీబారి జాతి ఉందని గమనించారా? ఉంది. జెస్సికా చాస్టెయిన్ పోషించిన వుక్ ఆ జాతి మనిషే. కామిక్‌లో ఏ పాపమూ ఎరుగక జీన్ ఆకలికి బలైపోయిన జాతిని సినిమా రూపాలు మార్చుకునే దురాక్రమణదారులుగా మార్చింది. వారి గ్రహం నాశనమైంది, అయితే దానిని నాశనం చేసినది జీన్‌ను చేరకముందు ఫీనిక్స్ శక్తి. అంటే హత్యను అలాగే ఉంచి, హంతకురాలి చేతి నుంచి కత్తిని తప్పించారు. హతులను దుర్మార్గులుగా చూపించారు, వారిని చివరికి జీన్ అంతం చేయడం వీరకృత్యమైంది. కామిక్ చదివి, ఆ పేరును గుర్తుపెట్టుకుని, దాని అర్థాన్ని తలకిందులు చేసిన ఈ పనిని తొందరపాటు అనలేము. ప్రేక్షకులు జీన్‌ను అసహ్యించుకుంటారేమోనన్న భయం అనాలి.

చుక్కలదారి:

నీలిసిరా గారి డీబారి పరిశీలనతో పూర్తిగా ఏకీభవిస్తూనే, ఇంకొక మెట్టు కిందికి దిగుదాం.

2006లో జీన్‌ను చంపేది వుల్వరీన్. ఆమె తనను కాపాడమని అడుగుతుంది, అతను ఏడుస్తూ పొడుస్తాడు. ఆ దుఃఖం అతనిది, ఆ త్యాగం అతనిది, కెమెరా అతని ముఖం మీదే ఉంటుంది. 2019లో రేవెన్ నోట, ఇక్కడ మగవాళ్ళను ఎప్పుడూ ఆడవాళ్ళే కాపాడుతున్నారు కాబట్టి జట్టు పేరు మార్చాలన్న అర్థం వచ్చే మాట ఒకటి పలికించారు. అంతటితో బాధ్యత తీరిందనుకున్నారేమో, మిగతా సినిమా అంతా జీన్‌ను ఎవరు అదుపు చేయాలన్న విషయం మీద జేవియర్, ఎరిక్ (మాగ్నెటో అసలు పేరు), జట్టు సభ్యుడు హాంక్ వాదించుకోవడంతోనే సరిపోయింది. ఆమె ఏమనుకుంటోందో మనకు ఎక్కడా స్పష్టంగా తెలియదు. శక్తి వచ్చినపుడు ఆమెకు కలిగిన ఆనందం ఏమిటి? కామిక్‌లో అది ఉంది. డార్క్ ఫీనిక్స్‌గా మారినపుడు ఆమె నవ్వుతుంది, అది నిజంగా సంతోషపు నవ్వు. చదివేవారికి వణుకు పుట్టేది అందుకే. సినిమాలలోని జీన్‌కు కన్నీళ్ళు, తలనొప్పి తప్ప వేరే అనుభవం లేదు.

అలాగని కామిక్‌ను పూజాగదిలో పెట్టనక్కరలేదు. అక్కడ కూడా ఆమె మనసును జేసన్ విన్‌గార్డ్ అనే మాయగాడు పద్దెనిమిదో శతాబ్దపు భ్రమలతో కలుషితం చేసి, హెల్‌ఫైర్ క్లబ్ అనే ధనికుల రహస్య ముఠాకు నల్ల రాణిగా మారుస్తాడు. పతనానికి మొదటి తోపు ఒక మగవాడిదే. తరువాత జేవియర్ ఆమె మనసులో ఆనకట్టలు కడతాడు. అందరికీ తెలిసిన ముగింపు కూడా రచయితలు మొదట అనుకున్నది కాదు. వారు గీసి సిద్ధం చేసిన 137వ సంచికలో షియార్ అనే గ్రహాంతర సామ్రాజ్యం జీన్ శక్తులను శాశ్వతంగా తీసేసి, ఆమెను మామూలు మనిషిగా వదిలేస్తుంది. ఐదు వందల కోట్ల మందిని చంపిన పాత్రకు అది శిక్ష కాదని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టడం వల్ల చివరి పేజీలు మళ్ళీ గీశారు. మొదటి రూపాన్ని 1984లో విడిగా ప్రచురించారు కాబట్టి ఎవరైనా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిదానిలో జీన్‌కు ఏదో జరుగుతుంది. అచ్చయినదానిలో జీన్ ఏదో చేస్తుంది. చంద్రుడి మీద తన కోసం షియార్ యోధులతో పోరాడుతున్న స్నేహితులు ఒక్కొక్కరుగా ఓడిపోవడం చూసి, తనలోని ఆకలి మళ్ళీ మేల్కొంటోందని గ్రహించి, స్కాట్‌కు వీడ్కోలు చెప్పి, ఒక పురాతన ఆయుధం ముందు తానే నిలబడుతుంది. ఒక సంపాదకుడి మొండితనం వల్ల ఆమెకు దక్కిన ఆ నిర్ణయాధికారాన్ని రెండు సినిమాలూ మళ్ళీ లాక్కున్నాయి.

రెండోఆట:

చుక్కలదారి గారూ, 2019 సినిమాలో కూడా జీన్ తానే నిర్ణయం తీసుకుని వుక్‌ను ఆకాశంలోకి మోసుకుపోతుంది. ఆ విషయాన్ని మీరు దాటవేశారు.

ఇంకొకటి. నేరాన్ని కడిగివేయడం సినిమావాళ్ళ పాపమేనా? 1986లో ఈ కామిక్స్ ప్రచురణ సంస్థ మార్వెల్ ఏం చేసిందో ఇక్కడి పెద్దలకు తెలుసు. జమైకా బే అడుగున ఒక గూడులో అసలైన జీన్ నిద్రపోతూ ఉందని, నక్షత్రాన్ని మింగినది ఆమె రూపం ధరించిన ఫీనిక్స్ శక్తి మాత్రమేనని తేల్చి, ఆమెను మచ్చలేని మనిషిగా వెనక్కు తెచ్చారు. కొత్త పత్రిక ఒకటి మొదలుపెట్టడానికి పాత జట్టు అయిదుగురూ కావలసి వచ్చారు, అందుకోసం. తప్పంతా బయటి శక్తిది, అమ్మాయి అమాయకురాలు అన్న సూత్రం కిన్‌బర్గ్ కనిపెట్టినది కాదు, సాక్షాత్తూ ప్రచురణకర్తలు రాసి ఇచ్చినది. ఆయన ఆ రూపాన్ని అనుసరించాడని ఎందుకు అనుకోకూడదు?

పాతపుస్తకాలబండి:

రెండోఆట గారి రెండో ప్రశ్న ఈ చర్చలో వచ్చిన వాటిలో గట్టిది. అవును, 1986 నాటి తిరగరాత అదే పని చేసింది. అప్పటి పాఠకులలో చాలామందికి అది నచ్చలేదు, నాకు ఇప్పటికీ నచ్చదు.

అయినా ఒక తేడా ఉంది. 1980 నాటి పాఠకుడు ఆ నేరాన్ని నేరంగానే చదివాడు. జీన్ నిజంగా చేసిందనుకునే ఆరేళ్ళు బతికాడు. తరువాత ఎవరు ఏం రాసినా, 137వ సంచికలో యుద్ధానికి ముందు రాత్రి జట్టులోని ఒక్కొక్కరూ విడివిడిగా కూర్చుని, తాము కాపాడబోతున్నది నిజంగా కాపాడదగిన మనిషినేనా అని ఆలోచించుకునే పేజీలు చెరిగిపోవు. అందరి జవాబూ ఒకటి కాదు. మరునాడు జీన్ తన ఫీనిక్స్ దుస్తులు వదిలేసి, తొలినాళ్ళ ఆకుపచ్చ దుస్తులు వేసుకుని యుద్ధానికి వస్తుంది. ఎందుకని ఎవరూ వివరించరు, వివరించనక్కరలేదు కూడా. సినిమా చూసిన ప్రేక్షకుడికి ఆ ఆరేళ్ళు కాదు, ఆరు నిమిషాలు కూడా దక్కలేదు. తప్పు చేసిందన్న బరువు మోయకముందే తప్పు ఆమెది కాదని చెప్పేశారు.

వుక్‌ను మోసుకుపోవడం గురించి: అక్కడ జీన్ శత్రువును చంపుతుంది, తనను తాను శిక్షించుకోవడం లేదు. పైగా చివరి షాటులో అగ్నిపక్షి ఆకాశంలో ఎగురుతూ కనిపిస్తుంది కాబట్టి ఏమీ పోలేదు కూడా.

కొత్తపాఠకుడు:

అందరికీ నమస్కారం. నేను సినిమాలు మాత్రమే చూసినవాడిని, కామిక్ ఒక్కటి కూడా చదవలేదు. 2019 సినిమా నాకు విసుగనిపించింది గాని, ఎందుకో చెప్పలేకపోయాను. ఇక్కడ చదివాక కొంత తెలిసింది. రెండు సందేహాలు. ముగింపుతో సహా కథంతా ఇప్పుడు తెలిసిపోయింది కదా, ఇక చదవడంలో రుచి ఉంటుందా? దీనిని తెర మీద సరిగా చెప్పినవారు ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు:

మొదటి సందేహానికి మన ఊళ్ళలోనే జవాబు ఉంది. పద్యనాటకం ఆడినంత కాలం రాయబారం విఫలమవుతుందని తెలియని ప్రేక్షకుడు ఒక్కడూ లేడు. అయినా తెల్లవార్లూ కూర్చున్నారు, కృష్ణుడి పద్యానికి మళ్ళీ పాడమని అడిగారు. ఏం జరుగుతుందన్నది తెలిసినా, ఎలా జరుగుతుందన్నది చూడడానికే వచ్చేవారు. జీన్ కథ కూడా ఆ కోవలోనిదే, నిశ్చింతగా చదవండి.

రెండో సందేహానికి: 1990లలో వచ్చిన ఎక్స్‌మెన్ యానిమేషన్ ధారావాహికలో మూడో విభాగం చూడండి. ముందు ఐదు భాగాలలో ఫీనిక్స్ పుట్టుకను, తరువాత నాలుగు భాగాలలో పతనాన్ని చెప్పారు. పిల్లల కోసం తీసినది కాబట్టి మింగిన నక్షత్రం చుట్టూ జనం లేకుండా చూసుకున్నారు, ముగింపులో ఆమెను బతికించారు. అంటే నీలిసిరా గారు ఎత్తి చూపిన లోపం అక్కడా ఉంది! కాని ఒక పని సరిగా చేశారు. ముందు ఆమె లోకాన్ని కాపాడడం చూపించి, ఆ తరువాతే ఆమె నుంచి లోకాన్ని కాపాడవలసి రావడం చూపించారు. సినిమాలు రెండూ ఎగరకముందే పడిపోయిన పక్షిని చూపించాయి.

మరొక మాట కూడా చెప్పాలి. మూలానికి కట్టుబడి ఉండడమే గొప్పదనమని ఇక్కడ ఎవరూ అనడం లేదని నా నమ్మకం. 2017లో వచ్చిన ‘లోగన్’ తన మూల కామిక్‌లోంచి ముసలి వుల్వరీన్, దారి పొడవునా ప్రయాణం అన్న రెండు విషయాలు తప్ప దాదాపు అన్నీ వదిలేసింది. అయినా ఈ సిరీస్‌లో దానిని మించినది లేదు. 2014 నాటి ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’లో గతంలోకి వెళ్ళవలసిన కిట్టీ ప్రైడ్ స్థానంలో వుల్వరీన్‌ను పంపారు, కథ బలం తగ్గలేదు. అదీ కిన్‌బర్గ్ రాసినదే, అది మరచిపోకూడదు. ఆయన రాయలేనివాడు కాదు.

కత్తెరబల్ల:

గోదారిగట్టు గారు పక్షి గురించి అన్నది సరిగ్గా ఎడిటింగ్ బల్ల మీద కనబడే లోపమే. 2000, 2003 నాటి మొదటి రెండు సినిమాలు ఆ ఎగరడానికి పునాది వేశాయి. రెండో సినిమా చివర జీన్ జట్టును కాపాడి నీటిలో మునిగిపోతుంది, నీటి అడుగున రెక్కల ఆకారం ఒకటి లీలగా మెరుస్తుంది. ఆ ఒక్క షాటుతో మూడో సినిమా కోసం మూడేళ్ళు ఎదురుచూశాం. 2019 సినిమాకు అలాంటి పునాది లేదు. సోఫీ టర్నర్ జీన్ 2016లో ‘అపోకలిప్స్’లో పరిచయమైంది, అందులో ఆఖరి పోరాటంలో మంటల పక్షిగా ఒకసారి విజృంభించింది కూడా. తరువాతి సినిమాకు వచ్చేసరికి ఆ శక్తి ఆమెకు అంతరిక్షంలో కొత్తగా అంటుకున్నట్టు చెప్పారు. ఏది నమ్మాలి?

కాలం లెక్కలైతే ఇంకా వినోదం. కథ ప్రకారం 1962లో యువకులైన జేవియర్, ఎరిక్‌లు 1992లో కూడా దాదాపు అలాగే ఉన్నారు. మరో ఎనిమిదేళ్ళలో వారు 2000 నాటి సినిమాలో ఆ పాత్రలు వేసిన ప్యాట్రిక్ స్టీవర్ట్, ఇయాన్ మెకెల్లెన్‌లుగా మారిపోవాలి!

వసూళ్ళ సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి చెప్పేస్తాను. 2019 సినిమాకు దాదాపు 20 కోట్ల డాలర్లు ఖర్చయిందని చెబుతారు, ప్రపంచవ్యాప్తంగా వచ్చినది 25 కోట్ల డాలర్లకు కొంచెం ఎక్కువ. థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే భారీ నష్టం. 2006 సినిమా మాత్రం 45 కోట్ల డాలర్లు దాటింది, ఎంతో మెరుగైన రెండో భాగం కన్నా ఎక్కువ. కాబట్టి వసూళ్ళను బట్టి ఈ కథకు జరిగిన న్యాయాన్యాయాలు తేల్చలేము.

చుక్కలదారి:

రెండోఆట గారు మొదట్లో మెచ్చుకున్న తండ్రి సన్నివేశానికి ఒకసారి తిరిగి వస్తాను, ఎందుకంటే దాని గురించి ఆయనతో నాకు పేచీ లేదు. జీన్ ఆ ఇంట్లో అడుగుపెట్టి, గోడ మీద తన ఫోటో ఒక్కటి కూడా లేదని గమనించడం, కుర్చీలోని తండ్రి ఆమె కళ్ళలోకి చూడలేకపోవడం, ఇవన్నీ కామిక్‌లో లేని కొత్త కల్పనలు, బాగున్నవి. బయట వీధిలో రేవెన్ చనిపోవడం కూడా అక్కడి నుంచే సహజంగా వస్తుంది. ఆ క్షణంలో సినిమా చేతిలో తనదైన నేరం ఒకటి ఉంది. ఐదు వందల కోట్ల మంది అక్కరలేదు. ఒక్కరు చాలు, తనను అక్కలా చూసుకున్న ఒక్క మనిషి చాలు. జీన్ ఆ నెత్తుటి మరకను చూసుకుంటూ మాగ్నెటో దగ్గరికి వెళ్ళి, చంపడం ఎలా ఆపావని అడిగే ఘట్టం దాకా ఆ దారిలోనే నడిచింది. తరువాత వుక్ వచ్చి, నీ తప్పేమీ లేదు, నీవు వాళ్ళకన్నా గొప్పదానివి అని చెప్పడం మొదలుపెట్టాక రేవెన్ పేరు జేవియర్ తప్పుకు ఉదాహరణగా మారిపోయింది. చివరికి అందరూ జేవియర్‌ను క్షమించడమే కథ అయింది. జీన్‌ను క్షమించాలా వద్దా అని ఎవరూ కూర్చుని ఆలోచించలేదు.

నీలిసిరా గారు కామిక్‌తో పోల్చి నేరం లేదన్నారు. నేనైతే నేరం ఉండి కూడా దాని మీద నిలబడలేదంటాను. ఇది ఇంకా పెద్ద నిరాశ.

రెండోఆట:

ఆ వాదన నాకు కామిక్‌తో పోల్చే వాదన కన్నా బాగా నచ్చింది. సినిమాను దాని సొంత కొలతతో కొలిచారు. రైలు విషయంలో మాత్రం నా మాట వెనక్కు తీసుకోను.

నీలిసిరా:

చుక్కలదారి గారి సవరణను ఆనందంగా స్వీకరిస్తున్నాను, రైలును రెండోఆట గారికే వదిలేస్తున్నాను.

కొత్తపాఠకుడు గారికి చదివే వరుస చెప్పి ముగిస్తాను. 129 నుంచి 138 వరకు ఒకే సంపుటంగా దొరుకుతుంది, దానితోనే మొదలుపెట్టండి. ఆ మొదటి సంచికలోనే కిట్టీ ప్రైడ్ అనే పదమూడేళ్ళ అమ్మాయి, హెల్‌ఫైర్ క్లబ్‌కు చెందిన ఎమ్మా ఫ్రాస్ట్ ఇద్దరూ తొలిసారి కనిపిస్తారు, కాబట్టి ముందు కథ తెలియకపోయినా ఆ పిల్లతోపాటు మీరూ ఆ లోకంలోకి వెళతారు. సంభాషణలు పాతకాలపు పద్ధతిలో, ప్రతి గడిలోనూ నిండుగా ఉంటాయి. మొదటి రెండు సంచికలు ఓపిక పట్టండి. 132 చివరి పేజీలో మురుగు కాలువలోంచి పైకి వచ్చే వుల్వరీన్‌ను చూశాక ఇక ఆపలేరు. నచ్చితే వెనక్కు వెళ్ళి, 1976లో వచ్చిన 100, 101 సంచికలలో ఆమె ఫీనిక్స్‌గా మారిన ఘట్టం చదవండి. ఆ తరువాత 1984లో విడిగా అచ్చయిన, మార్చకముందటి ముగింపు. 1986 నాటి గూడు కథను మాత్రం వీలైనంత ఆలస్యంగా చదవండి, చదవకపోయినా నష్టం లేదు.